క్రిటికల్ పాత్ పద్ధతి

ఒక పెద్ద ప్రాజెక్టును చిన్న చిన్న పనులుగా విడగొట్టి, దేని తరవాత ఏది జరగాలో గీతల్లో చూపి, ప్రాజెక్టు ముగిసే తేదీని ఏ పనుల వరస నిర్ణయిస్తుందో లెక్కగట్టే విధానం క్రిటికల్ పాత్ పద్ధతి. ఇంజనీర్లు దీన్ని సీపీఎం అంటారు. ఆ వరసలో ఏ పని ఒక్కరోజు ఆలస్యమైనా మొత్తం ప్రాజెక్టు ఒక్కరోజు వెనకబడుతుంది. వరసలో లేని పనులకు మాత్రం ఎంతో కొంత వెసులుబాటు ఉంటుంది. 1957లో అమెరికాలో మొదలైన ఈ లెక్క మీదే నేటి డ్యాములు, మెట్రోలు, రిఫైనరీలు, విద్యుత్ కేంద్రాల పని ప్రణాళికలు చాలావరకు నడుస్తున్నాయి.

నేపథ్యం

అంతకు ముందు అందరూ వాడినది బార్ చార్టు. పోలండ్ ఇంజనీరు కారోల్ అడమెట్స్కీ 1896లోనే అలాంటి పట్టీ ఒకటి రూపొందించాడు. కానీ ఆయన రాతలు పోలిష్, రష్యన్ భాషల్లో ఉండిపోవడంతో పశ్చిమ దేశాలకు చేరలేదు. 1910ల్లో అమెరికన్ ఇంజనీరు హెన్రీ గాంట్ వేసిన చార్టులు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఓడల తయారీలో పేరు తెచ్చుకున్నాయి, ఆయన పేరే వాటికి స్థిరపడింది. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో గాంట్ చార్టు కంటికి కట్టినట్టు చూపిస్తుంది. అయితే ఏ పని దేని కోసం ఎదురుచూస్తోందో అప్పటి చార్టుల్లో కనపడేది కాదు. వందలాది పనులున్న ఫ్యాక్టరీ నిర్మాణంలో ఒక పట్టీ పక్కకు జరిగితే మిగతావాటిలో ఏవి జరుగుతాయో చెప్పగలిగింది అనుభవం ఉన్న ఇంజనీరు ఒక్కడే. అతను సెలవులో ఉంటే అదీ లేదు.

డ్యూపాంట్‌లో తొలి అడుగులు

రసాయనాల కంపెనీ డ్యూపాంట్ కొత్త ఫ్యాక్టరీల మీద భారీగా ఖర్చు పెడుతున్న రోజులవి. తేదీ దాటిపోతుందనిపిస్తే అప్పట్లో తెలిసిన మందు ఒకటే: అన్ని పనుల్లోనూ మనుషుల్ని పెంచడం, అందరికీ ఓవర్‌టైం ఇవ్వడం. అందులో ఎంత డబ్బు వృథా అవుతోందో డ్యూపాంట్ ఇంజనీరు మోర్గన్ వాకర్‌కు తెలుసు. కంపెనీ చేతిలో యూనివాక్ కంప్యూటర్ ఉంది. దాన్ని తయారుచేసిన రెమింగ్టన్ ర్యాండ్ నుంచి గణితవేత్త జేమ్స్ కెల్లీ వచ్చి వాకర్‌తో కలిశాడు. ఏ పనిని తొందరపెడితే నిజంగా రోజులు కలిసొస్తాయి, దానికి ఎంత ఖర్చవుతుంది అన్న ప్రశ్నను 1957లో వాళ్లు లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్కగా మార్చారు. అంటే సీపీఎం మొదటినుంచీ తేదీల లెక్క మాత్రమే కాదు, ఖర్చుల లెక్క కూడా.

ఈ పద్ధతికి గట్టి సాక్ష్యం కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో దొరికింది. అక్కడ నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు తయారుచేసే డ్యూపాంట్ ఫ్యాక్టరీని మరమ్మతుల కోసం ఎప్పటికప్పుడు ఆపాల్సి వచ్చేది. ఒక్కోసారి సగటున 125 గంటలు పట్టేది. 1959లో కొత్త పద్ధతితో ప్రణాళిక వేస్తే అది 93 గంటలకు దిగింది, తరవాత 78కి కూడా తగ్గింది. అదే ఏడాది డిసెంబరులో కెల్లీ, వాకర్ బోస్టన్‌లో జరిగిన కంప్యూటర్ సదస్సులో తమ పత్రం సమర్పించారు.

లెక్క నడిచే తీరు

ఒక ఇంటి స్లాబును తీసుకుందాం. సెంట్రింగ్ కొట్టడానికి 5 రోజులు. అదే సమయంలో కింద నేలమీద కమ్మీలు కోసి వంచడానికి 3 రోజులు. ఈ రెండూ అయ్యాక పైన కమ్మీలు కట్టడానికి 3 రోజులు, కరెంటు పైపులు పరచడానికి ఒక రోజు, కాంక్రీటు పోయడానికి ఒక రోజు. ఆపైన సెంట్రింగ్ విప్పేదాకా 14 రోజులు ఆగాలి. అప్పుడే లోపలి గోడలు మొదలవుతాయి. ఆ గోడలకు కావలసిన గుమ్మాలు, కిటికీలు చేయడానికి వడ్రంగికి 12 రోజులు చాలు.

మొదటినుంచి ముందుకు కూడుతూ పోతే ప్రతి పనీ అన్నిటికంటే ముందుగా ఏ రోజు మొదలు కాగలదో తెలుస్తుంది. చివరినుంచి వెనక్కి తీసేస్తూ వస్తే ఎంత ఆలస్యంగా మొదలుపెట్టినా ఫరవాలేదో తెలుస్తుంది. ఈ రెంటి తేడాయే ఫ్లోట్. మన స్లాబులో సెంట్రింగ్, కమ్మీ కట్టడం, పైపులు, కాంక్రీటు, ఆగే రోజులు కలిపితే 24. ఇదే క్రిటికల్ పాత్. వడ్రంగికి 12 రోజుల ఫ్లోట్ ఉంది, కమ్మీలు వంచేవాళ్లకు రెండు రోజులుంది. ఇప్పుడు వడ్రంగి చుట్టూ తిరిగి తొందరపెడితే ఒక్క గంట కూడా మిగలదు. సెంట్రింగుకు ఇంకో ముఠాను పెట్టి 5 రోజుల పనిని మూడుకు దించితే మొత్తం 22 రోజులవుతుంది. కానీ ఆ క్షణం నుంచే కమ్మీలు వంచే పనికి కూడా ఫ్లోట్ పోతుంది, క్రిటికల్ దారులు రెండవుతాయి. ఇక మూడో ముఠాకు ఇచ్చే కూలి దండగే. దారి మారిపోయిన సంగతి గమనించకుండా నిన్నటి క్రిటికల్ పని మీదే డబ్బు పోస్తూ ఉండటం పెద్ద ప్రాజెక్టుల్లోనూ కనిపించే పొరపాటు. కాంక్రీటు గట్టిపడే రోజుల్ని మనుషుల్ని పెంచి తగ్గించలేమన్నది కూడా ఈ పటం ముందే చెబుతుంది.

పర్ట్, ఆ తరవాత

దాదాపు అదే కాలంలో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం 1958లో పర్ట్ పద్ధతిని తెచ్చింది. అంతకు ముందెవరూ చేయని పనికి ఎన్నాళ్లు పడుతుందో ఒక్క అంకెలో చెప్పలేం కాబట్టి అందులో మూడు అంచనాలు తీసుకుంటారు. అన్నీ కలిసొస్తే పట్టే కాలం, మామూలుగా పట్టే కాలానికి నాలుగు రెట్లు, అన్నీ ఎదురుతిరిగితే పట్టే కాలం కలిపి ఆరుతో భాగిస్తారు. 1960 జులైలో జలాంతర్గామి నుంచి పొలారిస్ ప్రయోగం విజయవంతం కావడంతో పర్ట్‌కు ఎక్కడలేని కీర్తి వచ్చింది. ఆ కార్యక్రమాన్ని పరిశోధించి 1972లో పుస్తకం రాసిన హార్వీ సపోల్‌స్కీ మాత్రం, క్షిపణి విజయంలో పర్ట్ పాత్ర స్వల్పమనీ, బయటివాళ్ల జోక్యాన్ని దూరంగా ఉంచడానికే అది ఎక్కువ ఉపయోగపడిందనీ తేల్చాడు.

నిర్మాణరంగానికి నిజంగా మేలు చేసినవాడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ ఫాండాల్. కంప్యూటర్ అవసరం లేకుండా కాగితం, పెన్సిలుతో ఇదే లెక్క చేసే దారిని 1961లో చూపించాడు. బాణాల మీద కాకుండా గడుల్లో పనుల పేర్లు రాసే ఆయన పద్ధతే ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లలో ఉంది. ఫ్రాన్స్‌లో బెర్నార్ రాయ్ కూడా దాదాపు ఆ రోజుల్లోనే అలాంటి పద్ధతికి విడిగా చేరుకున్నాడు. 1980ల్లో ప్రైమవేరా, మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ రావడంతో ఈ లెక్క ప్రతి సైటు ఆఫీసుకూ చేరింది.

గోదావరి మీద

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పర్ట్, సీపీఎం ఎన్నాళ్లుగానో పాఠ్యాంశాలు. అయితే పనుల వరస తప్పితే ఏమవుతుందన్నది పుస్తకాలకంటే నది గట్టిగా చెప్పింది. గోదావరిలో పని చేయగలిగేది వరదలు తగ్గాక, మళ్లీ తొలకరి వచ్చేలోపే. 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ చేతిలో ఏ చార్టూ లేకపోయినా ఆ గడువుకు లోబడే పని నడిపించాడు.

అదే గోదావరి మీద కడుతున్న పోలవరం ప్రాజెక్టులో ప్రధాన రాతి మట్టికట్టకు అడుగున, ఇసుకలోంచి నీరు ఊరకుండా ఆపే కాంక్రీటు డయాఫ్రమ్ వాల్ 2018 నాటికి పూర్తయింది. నదిని పక్కకు తిప్పే స్పిల్‌వే, వరదను అడ్డుకునే ఎగువ కాఫర్ డ్యాం మాత్రం అప్పటికి పూర్తికాలేదు. 2019, 2020 వరదలు కాఫర్ డ్యాములో వదిలిన ఖాళీల గుండా ఉరవడిగా దూసుకెళ్లి, నదీగర్భాన్ని లోతుగా కోసేసి, గోడను దెబ్బతీశాయి. 2021 జూన్‌లో గానీ నది స్పిల్‌వే వైపు మళ్లలేదు. పాత గోడ పనికిరాదని తేల్చి, 2025లో దాని పక్కనే కొత్త గోడ పనులు మొదలుపెట్టారు. దాని మీద కట్టాల్సిన ప్రధాన డ్యాం ఆ గోడ కోసం ఆగాల్సి వచ్చింది. తప్పెవరిదన్న వాదన రాజకీయాల్లో నడుస్తూనే ఉంది. ఇంజనీరింగ్ పరంగా చూస్తే, పటంలో స్పిల్‌వే, కాఫర్ డ్యాములకూ వరద తేదీకీ మధ్య ఉన్న బాణం తెగినందుకు మొత్తం ప్రాజెక్టు ఏళ్లకు ఏళ్లు నష్టపోయింది.