ఆలస్యంగా ముదిరిన నీలం

బోస్టన్ నగరం, హార్వర్డ్ వైద్య కళాశాల. 1920ల నడుమ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కండరం నుంచి తీసిన ద్రవంలో మాలిబ్డేటూ, రంగు తెప్పించే మందూ కలిపి పరీక్షనాళికను చూస్తున్నారు. ఎంత ఫాస్ఫేట్ ఉంటే అంత నీలం. ఆయనా, సైరస్ ఫిస్కే కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి అది. రంగు త్వరగా నిలకడకు రావాలి. రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ పోయింది.

మందు పాడైందని పారబోయడం తేలిక. వాళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఏదో పదార్థం ఫాస్ఫేట్‌ను దాచుకుని, ఆమ్లం తగిలాక కొద్దికొద్దిగా వదులుతోంది! అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో, ఫాస్ఫేట్‌లను మోసే మరో పదార్థం, ఏటీపీ. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నారు. బోస్టన్‌లో దిగిన కొత్తలో పొట్టకూటి కోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిన మనిషి సాధించిన పని ఇది.

మరి జ్ఞాపకానికీ ఈ ఫాస్ఫేట్ కథకీ ఏమిటి సంబంధం? తమిళనాడులోని మన బోడినాయకనూరులో చాలా ఇళ్ళల్లో తెలుగు బడిలో నేర్చింది కాదు, తరతరాలుగా అమ్మ నోట విన్నది. విన్న మాట మెదడులో దేనివల్ల నిలుస్తుంది?

1962లో అమెరికాలో జేమ్స్ మెక్‌కానెల్, పాఠం నేర్చిన ప్లనేరియా పురుగుల ముక్కలు తిన్న పురుగులకు ఆ పాఠం అబ్బిందన్నారు. జ్ఞాపకం ఆర్‌ఎన్‌ఏలో ఉంటుందని ఆశ పుట్టింది. ఇతరులు చేసి చూస్తే నిలబడలేదు. ఎలుకల మెదళ్ళ నుంచి జార్జ్ ఉంగార్ తీసి, జ్ఞాపకాన్ని మోస్తుందన్న స్కోటోఫోబిన్‌దీ అదే గతి.

దారి దొరికింది ఫాస్ఫేట్ దగ్గరే. ఏటీపీ నుంచి ఊడిన ఫాస్ఫేట్‌ను ఎంజైములు కొన్ని ప్రోటీన్లకు అతికిస్తే నాడీకణాల నడుమ సంధి బలపడుతుంది. ఈ బాటలో నడిచిన పాల్ గ్రీన్‌గార్డ్, ఎరిక్ కాండెల్‌లకు, అర్విడ్ కార్ల్‌సన్‌తో కలిపి, 2000లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు. ఈ కథ చెప్పేటప్పుడు ఆయన పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

అలా ఫాస్ఫేట్ అతికించే ఎంజైముల్లో ఒకటైన కామ్‌కైనేజ్-2 తనకు తానే ఫాస్ఫేట్ అతికించుకుంటుంది. దాన్ని మేల్కొలిపిన కాల్షియం వెళ్ళిపోయాక కూడా పనిచేస్తూనే ఉంటుంది. అతుక్కునే చోటు 286వ అమినో ఆమ్లం. 1998లో ఆల్సినో సిల్వా బృందం ఆ ఒక్కదాన్నే మార్చిన చిట్టెలుకలను నీళ్ళ తొట్టిలో వదిలింది. నీటి అడుగున దాచిన మెట్టు ఎక్కడుందో మామూలు చిట్టెలుకలు నేర్చుకున్నాయి. మార్చినవి మాత్రం ఎన్నిసార్లు ఈదినా నేర్చుకోలేకపోయాయి.