జపానులో గ్రామముల విలీనము
ఒక పాఠశాలను పోషించుటకు ఎన్ని గడపల పన్ను కావలెను? 1888లో జపాను ప్రభుత్వము ఈ లెక్క వేసి, 300 మొదలు 500 గడపలు ఉండవలెనని నిర్ణయించెను. గ్రామములలో పెక్కు అంతకంటె చిన్నవి. మరుసటి సంవత్సరమునకే 71,314 ఊళ్లు 15,859గా కూర్పబడినవి. ఇది పైనుండి దిగిన ఆజ్ఞయే గాని గ్రామస్థులు కోరినది కాదు.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము మాధ్యమిక పాఠశాలల భారము కూడ ఊళ్లపై బడెను. 1953 నాటి శాసనము 8,000 జనాభాను కొలతగా గైకొనగా, 9,868గా నున్న సంఖ్య 1961 నాటికి 3,472కు దిగెను.

1999 నుండి సాగిన మూడవ విడతకు మూలము బడి కాదు, ధనాభావము. పిల్లలు తగ్గిరి, వృద్ధులు పెరిగిరి. కలిసిన ఊళ్లు నిర్మాణములకై చేయు ప్రత్యేకపు అప్పులో నూటికి 70 పాళ్లు కేంద్రమే తీర్చునట్లును, కేంద్రమిచ్చు ధనము 10 ఏండ్లు తగ్గకుండునట్లును ఏర్పాటు చేసిరి. ఆ పిమ్మట అది క్రమముగా తగ్గును; పెండ్లినాటి విందు నిత్యభోజనము కాదు గదా! 3,232 సంస్థలు 2010 మార్చి నాటికి 1,727 అయినవి.

ఫుకుషిమా ప్రాంతమందలి యమత్సురి 2001 నాటికి సుమారు 7,000 జనాభాగల చిన్న పట్టణము. అది 2001 అక్టోబరులో, ఎవరితోను కలియబోమని సభలో తీర్మానించెను. వెనుకటి విలీనమున రేగిన కలహములు 40 ఏండ్లు గడచినను చల్లారలేదని ఆ తీర్మానముననే వ్రాసికొనిరి. అయితే ఖర్చు ఎట్లు వెళ్లును? సభ్యులను 18 నుండి 10 మందికి తగ్గించిరి. 2008 నుండి ఆ సభ్యులును నెలజీతము మాని, హాజరైన దినమునకు 30,000 యెన్నులు మాత్రమే పుచ్చుకొనిరి. ఉద్యోగుల ఇండ్లే శాఖా కార్యాలయములైనవి. వృద్ధులు పొరుగుననున్న ఉద్యోగి ఇంటనే రుసుములు చెల్లింపగలిగిరి.

ఒంటిగా నిలుచుటయే మేలని దీనినిబట్టి యనరాదు. హొక్కాయిడో దీవిలోని యూబరి నగరము కూడ ఎవరితోను కలియలేదు. బొగ్గుగనులు మూతపడిన పిమ్మట అది విహారస్థలములపై అప్పు తెచ్చి పెట్టెను. 2007లో సుమారు 3,500 కోట్ల యెన్నుల లోటుతో కేంద్రపు కట్టుబాటులోనికి పోయెను. అచటి గ్రంథాలయము ఆ సంవత్సరముననే మూతబడెను.

యమత్సురి వారు తమ గ్రంథాలయమును తెరచినది కూడ 2007లోనే. పుస్తకములు కొనుటకు ధనము లేదు. చదివిన పుస్తకములను పంపుడని కోరగా, దేశము నలుమూలల నుండి 4 లక్షలకు పైగా వచ్చినవి. తపాలా ఖర్చు పంపినవారిదే. పాత భవనమునే బాగుచేసి, 'మొత్తైనాయ్' గ్రంథాలయమని పేరిడిరి. వృథా పోనీయరాదని ఆ మాటకు భావము. గుట్టలుగా వచ్చి పడిన ఆ పుస్తకములను ఊరివారే కూర్చుండి, విషయమువారీగా ఏరి బీరువాలకు ఎక్కించిరి.