ప్రోస్టేట్ ఆపరేషన్ అనంతర పర్యవేక్షణ

ప్రోస్టేట్ ఆపరేషన్ అయి ఇల్లు చేరినవారిని నిర్ణీత గడువుల్లో ఓపీకి రప్పించి పరీక్షించడమే అనంతర పర్యవేక్షణ. ఆపరేషన్ చేసిన మేలు నిలిచేదీ, కొత్త ముప్పు తొలిదశలోనే దొరికేదీ ఇక్కడే.

చరిత్ర

ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో పనిచేసి వెళ్లిన పీటర్ ఫ్రెయర్ 1900లో లండన్‌లో పొత్తికడుపు కోసి, మూత్రాశయం గుండా ప్రోస్టేట్‌ను తొలగించాడు. అప్పట్లో రక్తస్రావాన్ని, ఇన్ఫెక్షన్‌ను తట్టుకుని బతకడమే గెలుపు. 1926లో మాక్సిమిలియన్ స్టెర్న్ మూత్రమార్గం గుండా గ్రంథిని చెక్కే రిసెక్టోస్కోప్‌ను తెచ్చాడు. ఇలా మూత్రమార్గం గుండా చేసే నేటి టీయూఆర్‌పీ ఆపరేషన్‌కు అదే మూలం. పైకి కోత లేదు కనుక రోగులు త్వరగా ఇల్లు చేరసాగారు. మూత్రమార్గం సన్నబడటం, మూత్రం అదుపు తప్పడం వంటి చిక్కులను తర్వాత ఓపీలో కనిపెట్టాల్సి వచ్చింది. మూత్ర సంబంధ లక్షణాల తీవ్రతను కొలిచే ఏడు ప్రశ్నల పట్టిక 1992లో అమెరికాలో వెలువడింది.

క్యాన్సర్ రోగుల విషయంలో మలుపు పీఎస్ఏ (ప్రోస్టేట్ తయారుచేసే ప్రోటీన్) రక్తపరీక్ష. చికిత్స పొందినవారిని గమనించేందుకు 1986లో అమెరికా దీన్ని ఆమోదించింది. గ్రంథిని పూర్తిగా తీసేశాక కొన్ని వారాల్లో పీఎస్ఏ దాదాపు శూన్యానికి చేరాలి. అది మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములు దాటి, మరో పరీక్షలోనూ రుజువైతే వ్యాధి తిరగబెట్టిందని అనుమానిస్తారు. లక్షణాలు కనబడటానికి చాలా ముందే ఈ సంకేతం అందుతుంది.

నేటి పద్ధతి

క్యాన్సర్ కాని సాధారణ ప్రోస్టేట్ వాపుకు ఆపరేషన్ అయితే, మూత్రపు గొట్టం (క్యాథెటర్) తీసిన 4–6 వారాలకు మూత్రధార వేగం, లోపల మిగిలే మూత్రం, తీసిన ముక్కల బయాప్సీ రిపోర్టు చూస్తారు. అన్నీ బాగుంటే పదేపదే రానక్కర్లేదు. అయితే టీయూఆర్‌పీలో గ్రంథి వెలుపలి భాగం మిగిలే ఉంటుంది. క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది అక్కడే కనుక ఆ ముప్పు పూర్తిగా తొలగదు. క్యాన్సర్ ఆపరేషన్ అయినవారికి పీఎస్ఏ పరీక్షను ఏళ్ల తరబడి కొనసాగించాలి.

పావగడ ప్రాంతం

ఈ పర్యవేక్షణకు దూరం ఎలా అడ్డమవుతుందో కర్ణాటక తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా చూపుతుంది. ఇక్కడ తెలుగు మాట్లాడేవారు ఎక్కువ. సరిహద్దులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌దే. పొరుగున పుట్టపర్తిలో 1991లో మొదలైన సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలో యూరాలజీ సేవలు ఉచితం. జిల్లా కేంద్రం తుమకూరు మాత్రం దూరం. కూలి మానుకుని, తోడొకరిని తీసుకుని పెద్దాసుపత్రికి వెళ్లడం వృద్ధులకు భారం. కనుక రక్తపరీక్ష దగ్గర్లోనే చేయించి ఫలితాన్ని డాక్టరుకు చేరవేసే ఏర్పాటు ఎంతో అవసరం. 2019 నుంచి నడుస్తున్న ఈ-సంజీవని టెలిమెడిసిన్ ఇందుకొక దారి. డిశ్చార్జి చీటీలో తర్వాతి గడువు, పరీక్ష పేరు రోగి చదవగల భాషలో ఉండాలి.

మూత్రం ఆగిపోయినా, రక్తపు గడ్డలు పడినా, చలిజ్వరం వచ్చినా గడువు దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.