గుంటుపల్లి గుహలు: చూడబోయే పెద్దలకు నాలుగు మాటలు



మన అశ్వారావుపేట నుండి జీలుగుమిల్లి, జంగారెడ్డిగూడెం, కామవరపుకోట మీదుగా వెళితే జీలకర్రగూడెం వస్తుంది. అక్కడి కొండమీద ఉన్నవే గుంటుపల్లి బౌద్ధ గుహలు. 2014లో రాష్ట్రాలు వేరయ్యాయి గాని, వాటికి మనం ఇరుగుపొరుగువారమే.

బౌద్ధ భిక్షువులు వర్షాకాలంలో ఒకేచోట నిలిచి ఉండాలన్నది నియమం. క్రీస్తుపూర్వం నుండే ఇక్కడ కొండను తొలిచి గదులు చేసుకున్నారు. అన్నిటిలో ముఖ్యమైనది గుండ్రని చైత్యగృహం. లోపలికి వెళ్ళగానే కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా నిలబడి, తర్వాత తలెత్తి చూడండి. గుడిసె కప్పుకు వేసే వాసాలు అక్కడ రాతిలో కనిపిస్తాయి. రాతికప్పుకు వాసాలతో పనిలేదు. నాటి కొయ్య కట్టడాల తీరునే శిల్పులు రాతిలో దించారు. ఆ కొయ్య ఇళ్ళు మట్టిలో కలిసిపోయాయి. వాటి పోలిక ఇక్కడ మిగిలింది.

లోపలి స్తూపాన్ని చుట్టుపక్కలవారు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు. కనుక చెప్పులు బయట విడవడం మర్యాద.

మెట్లు ఎక్కాలి. ఎండ ముదరకముందే చేరుకోండి. చేతికర్ర, టార్చిలైటు, మంచినీళ్ళు, వేళకు వేసుకునే మాత్రలు దగ్గర ఉంచుకోండి. వానపడితే రాయి జారుతుంది. గుండెజబ్బు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు వైద్యుని అడిగి బయలుదేరడం మేలు. గైడు వెంట జట్టుగా నడవండి; వెనుకబడినవారికోసం ఆగండి.

మనవలను తప్పక తీసుకువెళ్ళండి. గోడలపై పేర్లు గీయరాదని అక్కడే చెప్పండి. రెండువేల ఏళ్ళు నిలిచినదాన్ని వారికి అప్పగించవలసినది మనమే.