తప్పిపోయిన పిల్లల కోసం ఎ.ఎస్.రోమా ప్రచారం

తప్పిపోయిన పిల్లల కోసం ఎ.ఎస్.రోమా ప్రచారం అనునది ఇటలీ రాజధాని రోమ్ నగరానికి చెందిన వృత్తి ఫుట్‌బాల్ జట్టు 2019 వేసవిలో సామాజిక మాధ్యమాలలో చేపట్టిన కార్యక్రమము. ఈ జట్టు 1927లో స్థాపించబడినది.

నేపథ్యము

ఐరోపాలో వేసవి ఆటగాళ్ళ బదిలీల కాలము. ఎవరు వస్తున్నారన్న ఆత్రుతతో అభిమానులు జట్ల ఖాతాలను పదే పదే చూస్తుంటారు. కొత్త ఆటగాడిని ప్రకటించడానికి జట్లు పోటీపడి వింత వీడియోలు తయారుచేస్తాయి. రోమా ఆంగ్ల ట్విట్టర్ ఖాతా (2023 నుండి ఎక్స్) కూడా మొదట ఇటువంటి చమత్కారాలకే పేరుపొందినది.

విధానము

2019లో ఈ పద్ధతి మార్చబడినది. లియొనార్డో స్పినజోలా చేరికతో మొదలుకొని, ప్రకటన వీడియోలలో ఆటగాడి పక్కనే తప్పిపోయిన పిల్లల ఫొటోలు, వివరాలు చూపబడినవి. క్రిస్ స్మాలింగ్, హెన్రిఖ్ మిఖితార్యాన్ వచ్చినప్పుడు కూడా ఇట్లే చేశారు. బదిలీ వార్తను స్నేహితులకు పంపే అభిమాని, తాను అనుకోకపోయినా, ఆ పిల్లల ముఖాలను కూడా పంపినట్లే. పిల్లల వివరాలను అమెరికాలోని తప్పిపోయిన పిల్లల జాతీయ కేంద్రము, బ్రిటన్‌లోని మిస్సింగ్ పీపుల్ మొదలైన సంస్థలు సమకూర్చినవి.

ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. సోల్ అసైలమ్ అను అమెరికా రాక్ బృందము 1993లో 'రన్‌అవే ట్రెయిన్' పాట వీడియోలో తప్పిపోయిన పిల్లల ఫొటోలు చూపినది. రోమాకు ప్రేరణ అదే.

ఫలితాలు

వీడియోలలో కనిపించిన పిల్లలలో కొందరు తరువాత క్షేమంగా దొరికారు. వారిలో కెన్యా, బ్రిటన్ దేశాలవారు ఉన్నారు. అయితే పోలీసులు, స్వచ్ఛంద సంస్థలు అప్పటికే వెదుకుతున్నందున, వీడియో వలననే దొరికారని ప్రతి సందర్భములోను చెప్పుటకు వీలులేదు.