మోటుపల్లి శాసనము – ఆర్థిక సలహాదారు యోగ్యతాపత్రము

మొన్న సంక్రాంతి సెలవులకు నెక్కొండ వచ్చిన నా పూర్వ విద్యార్థిని ఒకతె మా ఇంటికి వచ్చింది. పదవ తరగతిలో నా వద్ద తెలుగు చదివిన పిల్ల. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. ఉద్యోగం చేసుకుంటూనే రాత్రుళ్ళు చదివి సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్, అనగా సిఎఫ్‌పి, పరీక్ష గట్టెక్కిందట. మిఠాయి డబ్బా చేతికిచ్చి, "సార్, ఒక మాట అడుగుదామని వచ్చిన. ఫిడ్యూషియరీ అన్నదానికి తెలుగుల ఏమంటరు? రేపు మనోళ్ళకు చెప్పాల్సి వస్తది" అన్నది.

ముప్పది ఏండ్లు తెలుగు పండితునిగా పనిచేసినవాడిని. ఆలోచించకుండానే "న్యాసధారి" అన్నాను. ఆమె నవ్వి, "ఇది చెప్తే మా నాయన లేచి పోతడు సార్" అన్నది. ఆ నవ్వే ఈ వ్యాసానికి కారణం.

ఆమె వెళ్ళిన తరువాత నా మాట నాకే సరిపడలేదని తోచింది. పరుల సొమ్ము విషయంలో ఎట్లా మెలగాలన్న విచారణ మనకు కొత్త కాదు. మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో మొదటిది ఋణాదానం, రెండవది నిక్షేపం. విజ్ఞానేశ్వరుని మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన తెనిగించాడు. అంతకు ముందే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు చేశాడు. కనుక వడ్డీ లెక్కా మనకు తెలుసు, దాచుకొమ్మని ఇచ్చిన సొమ్ము ధర్మమూ తెలుసు. అయితే న్యాసధారి సొమ్మును చేత పట్టుకున్నవాడు. ఈ అమ్మాయి సొమ్ము ముట్టదు, మాట మాత్రమే చెబుతుంది. మాటకు బాధ్యత వహించే వృత్తి ఇది. దాని పుట్టుక చూడాలి.

1969 డిసెంబరు 12న అమెరికాలోని చికాగోలో పదముగ్గురు సమావేశమైనారు. సమావేశపరచినవాడు లోరెన్ డంటన్. అప్పటికి బీమా అమ్మేవాడు బీమాయే సర్వరోగ నివారిణి అనేవాడు, మ్యూచువల్ ఫండు అమ్మేవాడు ఫండే అనేవాడు. ఇంటిని మొత్తంగా చూసి, ఆదాయమెంత, అప్పెంత, పిల్లల చదువులేమిటి, ముసలితనానికి ఆధారమేమిటి అని కలిపి ఆలోచించేవాడు లేడు. ఆ లోటు తీర్చడానికి వారు ఒక చదువును తలపెట్టారు. డెన్వరులో కళాశాల ఏర్పడింది. 1973లో మొదటి జట్టుగా 42 మంది పట్టా పుచ్చుకున్నారు. నేడు ప్రపంచం మొత్తం మీద ఆ పట్టా ఉన్నవారు రెండు లక్షల పైచిలుకు. భారతదేశానికి ఈ చదువు 2000 తరువాతి తొలి సంవత్సరాలలో వచ్చింది. బీమా, పెట్టుబడి, పదవీ విరమణ, పన్నులు, వారసత్వం అన్నీ చదివి, చివరకు ఒక కుటుంబానికి సమగ్ర ప్రణాళిక రచించి చూపాలి. చదువు, పరీక్ష, అనుభవం, నీతి – ఈ నాలుగింటిలో ఏది లోపించినా పట్టా రాదు.

మన ప్రాంతంలో పొదుపు కథ వేరుగా నడిచింది. నిజాం ప్రభుత్వం 1913లో తన ఉద్యోగులకు జీవిత బీమా నిధిని నెలకొల్పింది. పేర్లు మారుతూ నేటికీ ఉద్యోగి జీతంలో కోత పడుతున్న నిధి అదే. అటు మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్స్యూరెన్స్ కంపెనీని స్థాపించారు. 1956లో దేశంలోని జీవిత బీమా కంపెనీలన్నీ ఒక్క సంస్థలో కలిసిపోయాయి. పల్లెకు బీమాను మోసుకొచ్చినవాడు ఏజెంటు. అతని సేవ చిన్నది కాదు. కాని అతని కూలి కొనేవాని నుండి కాక, అమ్మించేవాని నుండి కమీషనుగా వచ్చేది. 2000 నాటి నిబంధనలతో ఏజెంటుకు వంద గంటల శిక్షణ, ఆపైన పరీక్ష తప్పనిసరి అయినాయి.

ఇక్కడ నా సంగతి చెప్పకపోతే ఆత్మవంచన అవుతుంది. 2003 ప్రాంతంలో మా ఇంట్లోనూ ఒక ఏజెన్సీ ఉండేది. పేరు నా భార్యది, వంద గంటల శిక్షణకు కూర్చున్నదీ ఆమెయే. కాని ఊళ్ళో పాలసీలు చెప్పింది నా నోరు. సారు చెప్పాడంటే కాదనేవారు లేరు. మా బడి అటెండరు ఒకాయన చేత ఇరవై ఏండ్ల పాలసీ కట్టించాను. రెండేండ్లు కట్టి మానేశాడు. మూడేండ్లు నిండకపోతే తిరిగి ఏమీ రాదని అప్పటి నియమం. కాగితంలో ఉన్నది, నేను చదివి వినిపించలేదు. మొదటి ఏటి ప్రీమియంలో పెద్ద పాలు మాకు కమీషనుగా వచ్చింది. ఆయనకు వచ్చింది శూన్యం. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. ఇప్పటికీ బజారులో ఎదురైతే "నమస్తే సార్" అనే అంటాడు.

ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె తప్పు పట్టలేదు. "అప్పటికి ఆయనకు అప్పు ఎంత ఉండె సార్?" అని మాత్రం అడిగింది. నాకు తెలియదు. నేను అడగలేదు. ప్రణాళిక వేసే పద్ధతిలో ఆరు మెట్లున్నాయట. ఒప్పందం కుదుర్చుకోవడం, వివరాలు సేకరించడం, వాటిని పరిశీలించడం, సలహా చెప్పడం, అమలు చేయడం, మరల సమీక్షించడం. నాలుగో మెట్టు మీద చెప్పవలసిన మాటను నేను మొదటి మెట్టు మీదనే చెప్పాను. అమ్మేవాడు చెబుతాడు, సలహాదారు అడుగుతాడు.

అడగడం నేర్చినా ఒక చిక్కు మిగులుతుంది. కూలి ఎవరిస్తున్నారు? ఈ దేశంలో ఆ ప్రశ్నకు జవాబు మెల్లమెల్లగా రూపు కట్టింది. 2009 ఆగస్టు నుండి మ్యూచువల్ ఫండులో చేరేటప్పుడు కోసే ఎంట్రీ లోడును సెబి రద్దు చేసింది. 2013లో పెట్టుబడి సలహాదారుల నిబంధనలు తెచ్చి, రుసుము పుచ్చుకుని సలహా చెప్పేవారు తన వద్ద నమోదు కావాలన్నది. ఫిడ్యూషియరీ అన్న మాట అందులోదే. 2020లో మరొక ముడి వేసింది. ఒకే వ్యక్తికి సలహా ఇచ్చి రుసుమూ, వస్తువు అమ్మి కమీషనూ రెండూ పుచ్చుకోరాదు. చదువరులు ఒకటి గమనించాలి. సిఎఫ్‌పి పట్టా విద్యకు సాక్ష్యం, సెబి నమోదు అనుమతి. ఒకటి ఉంటే రెండవది ఉన్నట్లు కాదు. రెండూ అడిగి చూడవలసిందే.

ఇది చదువుతుంటే మన ఓరుగల్లు ప్రభువు గణపతిదేవుడు గుర్తుకు వచ్చాడు. 1244లో ఆయన మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ప్రసిద్ధం. అంతకు ముందు తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, అది రాజుల పాలయ్యేది. గణపతిదేవుడు అది మానేశాడు. ముప్పదింట ఒకవంతు సుంకం తప్ప వేరేది పుచ్చుకోనని రాతి మీద వ్రాయించాడు. ఆ శాసనం వర్తకుని చేతులు కట్టలేదు, రాజు తన చేతులు తానే కట్టుకున్నాడు. నా కూలి ఇంత, అది అందరికీ తెలిసినది, నీ ఓడ మునిగితే నాకు లాభం లేదు అన్న మాట అది. మా అటెండరు ఓడ మునిగినప్పుడు నాకు కమీషను దక్కింది. భేదమంతా అక్కడే ఉన్నది. యోగ్యతాపత్రం విలువ దానిలోని అక్షరాలలో లేదు, పుచ్చుకున్నవాని చేతులను ఎంత గట్టిగా కట్టింది అన్నదానిలో ఉన్నది.

మరునాడు ఆ అమ్మాయి మళ్ళీ వస్తే, "అభయం అను బిడ్డా, అభయదాత అను" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "లాభం వస్తదని అభయం ఇయ్యద్దు సార్, అది నియమం. నేను 'మీ దిక్కు మనిషిని' అని చెప్త, చాలు."

నా నిఘంటువులన్నీ అక్కడ ఓడిపోయాయి. సెబి నమోదు కాగానే మా అటెండరు ఇంటికి ఒకసారి వెళ్ళి, అన్నీ అడిగి, దారి చెప్పమన్నాను. రుసుము నేను ఇస్తానన్నాను.

"వద్దు సార్. మీరిస్తే నేను మీ దిక్కు మనిషినైత. ఎంతైనా సరే, ఆయనే ఇయ్యాలె" అన్నది.

స్వస్తి.