డాలరు పుట్టుక

డాలరు అమెరికా సంయుక్త రాష్ట్రముల నాణెమని బడిపిల్లలకు కూడ తెలియును. కాని ఆ పేరు అమెరికాలో పుట్టినది కాదు. ఆ నాణెమును మొదట వేసినవారు అమెరికనులు కారు. పరాయి నాణెమును ఒక దేశమువారు తమదిగా ఎట్లు చేసికొనిరో చూతము.

మధ్య ఐరోపాలోని బొహీమియా కొండలలో, అనగా నేటి చెక్ దేశమున, యోఆఖిమ్‌స్తాల్ అను ఊరు కలదు. జర్మను భాషలో 'తాల్' అనగా లోయ. 1516లో అచ్చట వెండి గనులు బయటపడెను. 1520 ప్రాంతమున ష్లిక్ వంశపు ప్రభువులు ఆ వెండితో పెద్ద నాణెములు వేయించిరి. వానిని ఊరిపేర 'యోఆఖిమ్‌స్తాలర్' అనిరి. పేరు పొడవగుటచే జనులు మొదటి భాగమును విడిచి 'తాలర్' అని పిలిచిరి. అదియే ఇంగ్లీషువారి నోట 'డాలర్' అయినది. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనుటకు వాడిన పిచ్‌బ్లెండు కూడ ఈ ఊరి గనులదే!

స్పెయినువారు మెక్సికోలోను, నేటి బొలీవియాలోని పొటోసిలోను వెండిని విస్తారముగా త్రవ్వి 8 రియాళ్ల నాణెములు వేసిరి. ఇవి ఇంచుమించు తాలరంతయే ఉండుటచే ఇంగ్లీషువారు వీనిని 'స్పానిష్ డాలర్లు' అనిరి. అమెరికాలోని బ్రిటిషు వలసలలో ఇంగ్లీషు వెండి నాణెములు కరవు. అందుచే అక్కడివారు లెక్కలు పౌండ్లు, షిల్లింగులలో వ్రాసికొనుచు, చెల్లింపులు తరచు స్పానిష్ డాలర్లతో చేయుచుండిరి.

చిక్కు ఇక్కడనే వచ్చెను. ఒకే నాణెము బోస్టనులో 6 షిల్లింగులు. ఫిలడెల్ఫియాలో 7 షిల్లింగుల 6 పెన్నీలు. న్యూయార్కులో 8 షిల్లింగులు! నాణెములోని వెండి మారలేదు. మారినది షిల్లింగు లెక్క. వర్తకుడు ఊరు దాటినప్పుడెల్ల లెక్క తిరిగి వేయవలసి వచ్చెడిది.

1775లో స్వాతంత్ర్య యుద్ధము మొదలైనది. ఖర్చులకై కాంగ్రెసు స్పానిష్ డాలర్ల లెక్కన కాగితపు నోట్లు వేసెను. వెనుక వెండి లేకయే నోట్లు పెరుగుటచే వాని విలువ పడిపోయి, 1781 నాటికి అవి దాదాపు చెల్లకుండ పోయెను. వానిని నమ్మి దాచుకొన్న సిపాయిలు, రైతులు నష్టపడిరి.

కాబట్టి స్వతంత్ర దేశమునకు నిలుకడగల మానము కావలసివచ్చెను. జనుల చేతులలో నున్న డాలరునే మానముగా గ్రహించి, దానిని పదులలో విభజింపవలెనని జెఫర్సను వాదించెను. కాంగ్రెసు 1785లో దీనిని అంగీకరించెను. మన దేశమున రూపాయి 100 నయాపైసలైనది 1957 ఏప్రిల్ 1న గదా!

ఇక డాలరులో వెండి ఎంత ఉండవలెను? చెలామణిలోని స్పానిష్ నాణెములను తూచి, శోధించి, 1792 చట్టమున 371.25 గ్రెయినుల శుద్ధమైన వెండి అని నిర్ణయించిరి. రాగి కలిపిన పిమ్మట మొత్తము ఎత్తు 416 గ్రెయినులు. మన పాత వెండి రూపాయి ఎత్తు 180 గ్రెయినులు, అనగా ఒక తులము. 1794లో మొదటి అమెరికా డాలర్లు టంకసాలనుండి వెలువడెను.

కాని ఇందు ఒక చిన్న తేడా మిగిలెను. క్రొత్త స్పానిష్ డాలరులో వెండి కొంచెము ఎక్కువ. వెస్టిండీసు దీవులలో రెండును సమానముగా చెల్లుచుండెను. వర్తకులు అమెరికా డాలర్లను అచ్చటికి పంపి, బరువైన స్పానిష్ డాలర్లను తెచ్చి, కరగించుటకు టంకసాలకే ఇచ్చిరి. అది కూలి తీసికొనక నాణెములు వేసి యిచ్చెడిది. లాభము వర్తకునిది, శ్రమ టంకసాలది! వేసిన నాణెములు దేశమున నిలువకపోవుటచే 1806లో ప్రెసిడెంటు జెఫర్సను వెండి డాలర్ల ముద్రణను ఆపించెను. కొద్ది గ్రెయినుల తేడా ఒక టంకసాల పనిని నిలిపివేసినది.

స్పానిష్ డాలర్లు అమెరికాలో 1857 వరకు చట్టరీత్యా చెల్లెను. అనగా ముందు వాడుక, తరువాత చట్టము. నేటి డాలరు నోటుకు బదులుగా వెండిగాని బంగారముగాని ఇచ్చుట లేదు. విదేశ ప్రభుత్వములకు బంగారమిచ్చు పద్ధతి కూడ 1971లో ఆగినది. వెండి పోయినది, లోయ పేరు మిగిలినది. నాడు నాణెమును త్రాసులో తూచి నమ్మెడివారు. నోటును తూచుటకు త్రాసు లేదు. అందుచే దానిని వేయు ప్రభుత్వము హద్దు మీరకుండుటయే దాని విలువకు ఆధారము. 1781 నాటి సిపాయి ఈ పాఠమును ఎంతో వెల యిచ్చి నేర్చుకొనెను.